తోట దొరుకుతుంది, ఫిర్స్ దొరకడు

ఎవరైనా మీ చేతిలో ఓ రష్యన్ నాటకం పెట్టి, "దీన్ని మనవాళ్ల కథలా మార్చివ్వండి, సంక్రాంతికి ఆడదాం" అన్నారనుకోండి. మొదట ఏం చేస్తారు? పేర్ల మీద పడతారు. పడక తప్పదు కూడా, ఆ పేర్లు అలాంటివి. ఒకే ఆవిణ్ణి ఊళ్లోవాళ్లు ల్యుబోవ్ ఆంద్రేయెవ్నా అంటారు, అన్నగారు ల్యూబా అంటాడు, పాత్రల పట్టికలో చూస్తే రనేవ్‌స్కయా అని ఉంటుంది. ముగ్గురూ ఒకరేనని మనకి తెలిసేసరికి మొదటి అంకం సగం అయిపోతుంది. అందుకని ఆవిడ రాజ్యలక్ష్మమ్మ అవుతుంది. మాట మధ్యలో బిలియర్డ్స్ బంతుల మీదికి వెళ్లిపోయే అన్నగారు చీట్లపేక రాయుడవుతాడు. సమోవార్ పోయి కాఫీ వస్తుంది. చెర్రీ తోట మామిడి తోటవుతుంది. రాత్రి భోజనాల వేళకి పని సగం తెమిలినట్టే కనిపిస్తుంది.

అసలు పని అప్పటికింకా మొదలే కాలేదు. ఇవాళ్టి కబుర్లు దాని గురించే. తీరుబడిగా కూర్చోండి, ఇది రెండు ముక్కల్లో తేలే వ్యవహారం కాదు.

అన్ని రష్యన్ నాటకాలూ ఇలా ఇబ్బంది పెట్టవు లెండి. గోగోల్ 'ఇన్‌స్పెక్టర్ జనరల్' సంగతే చూడండి. 1836లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తొలిసారి ఆడారు, జారు చక్రవర్తి కూడా వచ్చి చూశాడు. ఓ చిన్న ఊళ్లో అధికారులందరూ పీకల్దాకా లంచాల్లో ఉంటారు. రాజధాని నుంచి తనిఖీకి ఎవరో గుట్టుగా వస్తున్నారని కబురొస్తుంది. సత్రంలో తిన్న తిండికి డబ్బు కట్టలేక చిక్కుకుపోయిన ఓ పనికిమాలిన కుర్రాణ్ణి చూసి, ఆయన ఈయనే అనుకుంటారు. ఇక మర్యాదలే మర్యాదలు. పు.ల. దేశ్‌పాండే దీన్ని మరాఠీలో 'అంమల్దార్' చేశారు. చేతన్ ఆనంద్ హిందీలో 'అఫ్సర్' సినిమా తీశాడు, దేవానంద్, సురయ్య వేశారు. 1950లో వచ్చిన ఆ సినిమాతోనే నవకేతన్ సంస్థ మొదలైంది. ఈ నాటకం ఎక్కడికైనా నడిచి వెళ్లడానికి కావలసినవి రెండే: లంచం మరిగిన ఆఫీసరు, పైవాడంటే భయం. ఈ రెండూ లేని ఊరేదైనా మీకు తెలిస్తే చెప్పండి, ఇల్లు అక్కడికి మార్చేద్దాం.

చెకోవ్ రాసిన చిన్న ప్రహసనాలూ అంతే. 'ప్రపోజల్' అని ఒకటుంది. పిల్లని అడగడానికి ముస్తాబై వచ్చిన పెద్దమనిషి, ఆ మాట ఎత్తకుండానే పిల్లతో పొలం తగువులో దిగుతాడు. ఆ బీడు మాదంటే మాదని. అది సద్దుమణిగిందో లేదో, ఎవరి వేటకుక్క గొప్పదని ఇంకో తగువు. గట్టు తగాదా ఒక్కటి కళ్లారా చూసినవాడెవడైనా దీన్ని ఒక్క రాత్రిలో తెలుగు చేసేయగలడు.

పెద్ద నాటకాలు మాత్రం అలా లొంగవు. వాటిలో 'చెర్రీ తోట' మరీ పెంకిది.

కథ గుర్తులేనివాళ్ల కోసం కాస్త చెప్తాను. రనేవ్‌స్కయా కొన్నేళ్లు పారిస్‌లో ఉండి, ఉన్నదంతా తగలేసి, పుట్టింటి ఎస్టేటుకి తిరిగొస్తుంది. ఎస్టేటు నిండా అప్పులు. ఆగస్టు 22న వేలం. లోపాఖిన్ అనే వ్యాపారి ఆ కుటుంబం మీది అభిమానంతో ఓ ఉపాయం చెప్తాడు. పట్నం ఇరవై కిలోమీటర్ల దూరం, పక్కనే రైలు పడింది. తోట కొట్టించి, నేల ముక్కలు చేసి, వేసవి ఇళ్లు కట్టుకునేవాళ్లకి అద్దెకివ్వండి. దెస్యతీనా అనే వాళ్ల నేల కొలతకి ఏడాదికి 25 రూబుళ్ల చొప్పున తక్కువలో తక్కువ 25,000 చేతికొస్తాయి. వాళ్లకి ఆ మాట వినడమే నామోషీ. వేసవి ఇళ్లట, అద్దెలట! సరేనని వేరే ఏదైనా చేస్తారా అంటే అదీ లేదు. కబుర్లు చెప్పుకుంటారు, అప్పు చేస్తారు, దారినపోయే బిచ్చగాడికి బంగారు నాణెం ఇస్తారు. వేలం రోజున ఇంట్లో బాజాలు పెట్టించి నాట్యాలు చేస్తారు. సాయంత్రానికి లోపాఖిన్ వచ్చి, తోట నేనే కొన్నాను అంటాడు.

ఇప్పుడు ఆ లెక్క మళ్లీ చూడండి. దెస్యతీనాకి 25, మొత్తం 25,000. అంటే వెయ్యి దెస్యతీనాలు. మన లెక్కలో రమారమి 2,700 ఎకరాలు! అదంతా చెర్రీ తోటే అయితే రష్యా మొత్తం జామ్ చేసుకున్నా మిగులుతుంది. ఇవాన్ బూనిన్ అని చెకోవ్‌కి బాగా దగ్గరైన రచయిత, నిజమైన జమీందారీ కుటుంబంలో పుట్టినవాడు, దీనిమీద గట్టిగానే ఎత్తిపొడిచాడు. రష్యాలో ఎక్కడా అచ్చంగా చెర్రీ చెట్లే ఉన్న ఎస్టేటు తోటలు లేవన్నాడు. కొన్నవాడు పాత యజమానురాలు గడప దాటకముందే చెట్లు నరికించడం కూడా నమ్మశక్యంగా లేదన్నాడు. అంటే ఆ తోట రష్యాలో కూడా లేదు. చెకోవ్ మనసులో మొలిచిన తోట అది.

అందుకే చెట్టు మార్చడం అంత తేలిక. కలకత్తాలో అజితేశ్ బంద్యోపాధ్యాయ్ 1960లలో తన 'నాందీకార్' బృందంతో దీన్ని 'మంజరీ ఆమేర్ మంజరీ' అని ఆడించాడు. చెర్రీ పూత స్థానంలో మామిడి పూత. బెంగాల్‌లో పాడుబడ్డ జమీందారు ఇంటి వెనక మామిడి తోట కాక ఇంకేముంటుంది? పేరు చూడగానే ఎవరూ నాటకాన్ని పరాయిది అనుకోరు. ఇంకా చిత్రం, సైమన్ స్టోన్ అనే దర్శకుడు 2024లో సియోల్‌లో కొరియన్ నటులతో చేసినప్పుడు అసలు కథంతా ఓ ఇంటి చుట్టూ తిప్పాడు. తాతల నాటి వ్యాపార సామ్రాజ్యం కూలిపోతున్న కుటుంబం, వాళ్ల ఖరీదైన ఇల్లు. లోపాఖిన్ స్థానంలో ఆ ఇంటి పాత డ్రైవరు కొడుకు. 'స్క్విడ్ గేమ్' చూసినవాళ్లు గుర్తుపడతారు, అందులో వేసిన పార్క్ హే-సూయే ఈ వేషం వేశాడు. కంపెనీ పెట్టిన తాత, నిలబెట్టిన తండ్రి, మూడో తరంలో తాగుడు, అప్పులు: కొరియా వాళ్లకి ఇది వార్తాపత్రికల్లో రోజూ కనిపించే సంగతే. డ్రైవరు కొడుకు ఇల్లు కొనేస్తాడంటే ప్రేక్షకులకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

డ్రైవరు కొడుకు! అసలు కీలకం అక్కడుంది. లోపాఖిన్‌కి డబ్బుండటం ముఖ్యం కాదు, అతని తండ్రి, తాత ఎక్కడివాళ్లన్నది ముఖ్యం. వాళ్లు ఆ ఎస్టేటు భూదాసులు. భూదాసులంటే తెలుసుగా, ఊరు అమ్మితే ఊరితోపాటు అమ్ముడుపోయే మనుషులు. ఆ ఇంటి వంటగదిలోకి కూడా వాళ్లని రానిచ్చేవారు కాదు. అలాంటివాళ్ల మనవడు వేలంలో నిలబడతాడు. ఎదుటివాడు ఐదేసి వేలు పెంచుతుంటే తను పదేసి వేలు పెంచుకుంటూ పోయి, అప్పు మీద 90,000 పాడి కొట్టేస్తాడు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పగానే, ఇంటి పెత్తనం చూసే పెంపుడు కూతురు వార్యా నడుముకున్న తాళాల గుత్తి తీసి హాలు మధ్యలో నేలకి కొట్టి వెళ్లిపోతుంది. లోపాఖిన్ వంగి ఆ గుత్తి తీసుకుంటాడు. ఆ వంగడం చూడాలి! తాతలు ఎన్నోసార్లు వంగిన నేల అది. మనవడు వంగింది మాత్రం తాళాల కోసం.

రష్యాలో భూదాసులకి స్వేచ్ఛ వచ్చింది 1861లో. మాస్కో ఆర్ట్ థియేటర్ వాళ్లు ఈ నాటకం ఆడింది 1904 జనవరిలో. మధ్యలో 43 ఏళ్లు. చూస్తున్నవాళ్లలో ముసలివాళ్లకి ఆ రోజులు స్వయంగా గుర్తే. ఇక రాసినవాడి సంగతి చెప్పాలంటే, చెకోవ్ తాత కూడా భూదాసుడే. 1841లో 3,500 రూబుళ్లు కట్టి తననీ తన కుటుంబాన్నీ విడిపించుకున్నాడు. ఆ తాత కొడుకు తగన్‌రోగ్ ఊళ్లో కిరాణా కొట్టు పెట్టి, దివాలా తీసి, అప్పులవాళ్లకి దొరక్కుండా మాస్కోకి పారిపోయాడు. ఇంట్లో అద్దెకున్న మనిషే ఆ ఇల్లు సొంతం చేసుకున్నాడు. కుర్ర చెకోవ్ చదువు పూర్తిచేయడానికి ఆ ఊళ్లోనే ఒక్కడూ మిగిలిపోయాడు. ఇల్లు పోగొట్టుకున్నవాళ్ల బాధా తెలుసు, భూదాసుడి మనవడి కసీ తెలుసు. అందుకే కాబోలు నాటకంలో ఎవరినీ దుర్మార్గుణ్ణి చేయలేదు. మొదటి ప్రదర్శన తర్వాత ఆరు నెలలు తిరక్కుండానే పోయాడు పాపం, నలభై నాలుగేళ్లకే.

ఇక ఫిర్స్. నా లెక్క ప్రకారం ఈ నాటకాన్ని కొత్త ఊరికి తీసుకెళ్లేవాడి నిజాయితీకి పరీక్ష పెట్టేవాడు ఇతనే. ఎనభై ఏడేళ్ల ముసలి నౌకరు. చెవులు వినపడవు, అడిగినదానికి చెప్పేదానికి పొంతన ఉండదు. యాభై దాటిన దొరగారు ఏ కోటు వేసుకున్నారని గొణుగుతూ తిరుగుతుంటాడు. వెనకటి రోజుల్లో ఈ తోట చెర్రీలు ఎండబెట్టి, ఊరబెట్టి, బళ్లకెత్తి మాస్కోకి, ఖార్కొవ్‌కి పంపేవాళ్లమని చెప్తాడు. మరి ఆ ఎండబెట్టే పద్ధతేదీ అంటే, మర్చిపోయారు, ఎవరికీ గుర్తులేదంటాడు. ఎస్టేటు ఎందుకు దివాలా తీసిందో అర్థశాస్త్రం అంతా ఆ జవాబులోనే ఉంది. ఇదే ఫిర్స్, తమకి స్వేచ్ఛ వచ్చిన సంవత్సరాన్ని 'ఆ ఆపద వచ్చిన ఏడు' అన్నట్టు చెప్పుకుంటాడు. స్వేచ్ఛ వద్దని దొరల దగ్గరే ఉండిపోయినవాడు. ఆఖరికి అందరూ ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ, ఇతన్ని ఆస్పత్రికి పంపేశారనుకుని, లోపలే పెట్టి తాళాలేసుకుని పోతారు.

ఆ మాట, స్వేచ్ఛే ఆపద అన్న మాట, కొత్త దేశంలో ఎవరి నోట పెడతారు? పెట్టగలరా?

అమెరికాలో జాషువా లోగన్ 1950లో ఈ నాటకాన్ని లూసియానాకి తీసుకెళ్లాడు. పేరు 'ది విస్టీరియా ట్రీస్'. హెలెన్ హేస్ అంత పెద్ద నటిది రనేవ్‌స్కయా వేషం. పత్తి తోటల దొరలు, చితికిపోయిన బంగళా, నల్లజాతి నౌకర్లు. పైకి చూస్తే దీనికన్నా అతికే ఊరు ఇంకోటి లేదు. అమెరికాలో బానిసత్వం 1865లో రద్దయింది, రష్యా తర్వాత నాలుగేళ్లకే. కానీ లోగన్ తన లోపాఖిన్‌ని తెల్లవాణ్ణే చేశాడు. 1950 నాటి బ్రాడ్‌వేలో ఇంకోలా ఊహించడం కూడా కష్టమేమో. దాంతో కథలో ఒక స్తంభం ఊడిపోయింది. బానిసల మనవలు ట్రేలు మోస్తూనే ఉన్నారు, ఇల్లు మాత్రం ఓ తెల్లవాడి చేతిలోంచి ఇంకో తెల్లవాడి చేతిలోకి పోయింది. అలాంటిచోట నల్లజాతి ముసలి నౌకరు పాత రోజులే నయమన్నట్టు మాట్లాడితే, కింద కూర్చున్న తెల్ల దొరలకి అది చల్లని కబురే. చెకోవ్ ఫిర్స్‌ని చూసి నవ్వొస్తుంది, నవ్విన వెంటనే ఒళ్లు జలదరిస్తుంది. చల్లని కబురైతే ఆ రెండూ రావు.

ఆ స్తంభాన్ని దక్షిణాఫ్రికా నటి జానెట్ సుజ్‌మన్ సరిగ్గా పట్టుకుంది. ఆవిడ 1990ల చివర్లో రాసిన 'ది ఫ్రీ స్టేట్' 1994 ఎన్నికల తర్వాతి రోజుల్లో నడుస్తుంది. మండేలా గెలిచాడు, తెల్లవాళ్ల ఎస్టేటు అమ్మకానికొచ్చింది, కొనేవాడు నల్లజాతి వ్యాపారి. ఇంకో తమాషా, ఫ్రీ స్టేట్ రాష్ట్రం తూర్పు పక్క, లెసోతో సరిహద్దున, నిజంగానే చెర్రీలు పండుతాయి. చెట్టు మార్చే పనే లేకపోయింది! బెంగాల్‌లో చెట్టు మారింది, ఇక్కడ చెట్టలాగే ఉండి మనుషుల ఒంటిరంగు కథలోకి వచ్చింది. నన్నడిగితే సుజ్‌మన్ చేసిందే గట్టి పని. తాళాల గుత్తి కోసం ఎవరు వంగుతున్నారో అక్కడ ప్రేక్షకుడికి కంటితో కనిపిస్తుంది.

అయితే ఇక్కడే ఇంకో గొయ్యి ఉంది.

నాలుగో అంకం. సామాన్లన్నీ కట్టేశారు. రైలుకి టైమవుతోంది. లోపాఖిన్‌కీ వార్యాకీ పెళ్లవుతుందని అందరూ ఏనాడో అనుకున్నారు, వాళ్లూ కాదనలేదు. రనేవ్‌స్కయా అతన్ని అడిగేస్తుంది. ఇప్పుడే తేల్చేద్దాం, పిలవండి అంటాడు. వార్యా వస్తుంది. వస్తూనే సామాన్లలో ఏదో వెతుకుతున్నట్టు నటిస్తుంది. ఎక్కడ పెట్టానో గుర్తులేదంటుంది. నువ్వెక్కడికి వెళ్తావు అని అడుగుతాడు. ఫలానావాళ్లింట్లో ఇల్లు చూసుకునే పనికి కుదిరానంటుంది. ఇతను కిటికీ వైపు చూసి, కిందటేడు ఈపాటికి మంచు పడింది, ఇవాళ ఎండగా ఉంది, చలి మాత్రం మూడు డిగ్రీలుందంటాడు. నేను చూడలేదు, మా థర్మామీటరు పగిలిపోయిందిగా అంటుంది. కాస్సేపు నిశ్శబ్దం. బయట్నుంచి ఎవరో అతన్ని పిలుస్తారు. ఆ పిలుపు కోసమే కాచుకున్నట్టు ఒక్క గెంతులో వెళ్లిపోతాడు. వార్యా నేల మీద కూలబడి, బట్టల మూట మీద తల పెట్టుకుని ఏడుస్తుంది.

ఎందుకు అడగలేదు? చెకోవ్ చెప్పడు. అతనికి రనేవ్‌స్కయా మీద మనసుందేమో. పనిలో పడి పెళ్లి మాటే మర్చిపోయే రకమేమో. దొరల ఇంటి పిల్లని అడగడానికి లోపలెక్కడో భయమేమో. లేక ఊరికే నోరు రాలేదేమో. ఏదీ కావచ్చు. కారణం లేకపోవడమే ఆ సీను ప్రాణం.

నాటకం కొత్త ఊరికి వెళ్లిందంటే ఆ ఊరు కారణాలు పట్టుకుని గుమ్మంలోనే ఎదురొస్తుంది. అమెరికా దక్షిణాదిలోనో, దక్షిణాఫ్రికాలోనో అయితే రంగు. మన దగ్గరైతే కులం. ప్రేక్షకుడు ముందే తలాడించేస్తాడు, "అదీ సంగతి, అందుకే అడగలేదు" అని. థర్మామీటరు పగిలిన మాట ఇక ఎవరి చెవికీ ఎక్కదు.

చెకోవ్ 'త్రీ సిస్టర్స్' విషయంలోనూ ఇదే ముడి. నైజీరియాలో పుట్టి లండన్‌లో స్థిరపడ్డ ఇనువా ఎలమ్స్ 2019లో ఆ నాటకాన్ని లండన్ నేషనల్ థియేటర్ కోసం బయాఫ్రా యుద్ధంలోకి మార్చాడు. ముగ్గురు అక్కచెల్లెళ్లు ఒవెర్రీలో ఉంటారు, మాస్కోకి బదులు లాగోస్ మీద బెంగ. 1967 నుంచి 1970 దాకా యుద్ధం, ఆకలి. గట్టి నాటకం, సందేహం లేదు. కాకపోతే చెకోవ్ అక్కచెల్లెళ్లని మాస్కో వెళ్లకుండా ఆపింది ఎవరూ లేరు. రైళ్లు నడుస్తున్నాయి, చేతిలో కాస్తో కూస్తో ఉంది. అయినా వెళ్లరు. ఎలమ్స్ అక్కచెల్లెళ్లకి మధ్యలో సైన్యం అడ్డం ఉంది. అతనిది తెలిసి చేసిన పనే: తనవాళ్ల గాయం చెప్పడానికి చెకోవ్ ఇంట్లో ఒక గది తీసుకున్నాడు. తప్పు పట్టను. కానీ నాకిష్టమైన ఆ పాత మొండితనం, కారణం లేకుండా ఆగిపోవడం, ఆ గదిలో ఉండదు.

థామస్ కిల్‌రాయ్ అనే ఐరిష్ రచయిత ఇంకో దారి పట్టాడు. 1981లో లండన్ రాయల్ కోర్ట్‌లో ఆడిన, చెకోవ్ నాటకం నుంచే తీసిన అతని 'ది సీగల్' ఐర్లండ్ పడమటి సీమలో, ఆంగ్లో-ఐరిష్ భూస్వాముల ఇంట్లో జరుగుతుంది. మొదటి అంకంలో ఓ కుర్రాడు చెరువు గట్టున వింత నాటకం ఆడించి తల్లి చేత నవ్వులపాలవుతాడు చూశారూ, ఆ వింత నాటకాన్ని కిల్‌రాయ్ పాత కెల్టిక్ పురాణాల ధోరణిలోకి మార్చాడు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఐరిష్ కుర్రకవులకి నిజంగానే ఆ పిచ్చి పట్టింది. అంతే, ఒక్క మేకు సరైన చోట దిగింది. ఎవరికీ అదనంగా ఏ కారణమూ తగిలించలేదు.

సరే, ఇంతసేపూ పొరుగూళ్ల సంగతులే చెప్పాను. "మన తెలుగులో అయితేనో?" అని మీరు అడిగేలోగా నేనే వస్తాను. చెకోవ్ మనకి కొత్తవాడు కాదు. మాస్కోలో కూర్చుని ఉప్పల లక్ష్మణరావుగారి వంటివాళ్లు రష్యన్ సాహిత్యాన్ని తెలుగు చేస్తుంటే, ఆ పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో కారుచౌకగా దొరికేవి. గట్టి అట్ట, మంచి కాగితం. చెకోవ్ కథలు చదవని తెలుగు కథకుడు అరుదు. నాటకాలు మాత్రం అంతగా స్టేజీ ఎక్కలేదు. పరిషత్తుల్లో మనం ఆడేది ఎక్కువగా గంటలో ముగిసే నాటిక. పాత్రలు తక్కువ, సెట్టు ఒక్కటి, చివర చప్పట్లు రాలే మలుపు ఒకటి. చెకోవ్‌ది నాలుగంకాలు, డజను మందికి పైగా మనుషులు, మలుపు రావలసిన చోట థర్మామీటరు.

పోనీ, ధైర్యం చేద్దాం. తోట ఎక్కడ పెడదాం? ఇవాళ్టి హైదరాబాద్ శివార్లలో పెడితే నాటకం మొదటి అంకంలోనే అయిపోతుంది. లోపాఖిన్ వచ్చి "తోట ప్లాట్లు చేద్దామమ్మా" అనగానే మన రాజ్యలక్ష్మమ్మగారు, "వెంచర్‌కి ఎంత శాతం ఇస్తావు బాబూ, క్లబ్‌హౌసుందా?" అంటారు. నామోషీ ఏమీ ఉండదు. ఆవిడ వాటాకొచ్చిన ప్లాట్లు అమ్ముకుని డాలస్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోతారు. వేలమూ లేదు, ఏడుపూ లేదు. భూమి అమ్ముకోవడం పరువు తక్కువ అనుకునే మనుషులుండాలి ఈ కథకి.

అందుకని వెనక్కి వెళ్లాలి. మద్రాసు రాష్ట్రంలో ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రంలో జాగీర్లు 1949లో పోయాయి. నేనైతే తెలంగాణలో దొరగారి గడి వైపే మొగ్గుతాను. గడి ముందు చేతులు కట్టుకుని వెట్టి చేసినవాడి మనవడు, పట్నం పోయి నాలుగు రాళ్లు సంపాదించి, 1970లలో ఆ గడినే కొంటాడు. వార్యా నడుముకి తాళాల గుత్తి మన దగ్గర ఎలాగూ ఉంటుంది, మార్చే పనే లేదు. వార్యా సీనులో కులం పేరెత్తకుండా ఉండటం మాత్రం కత్తిమీద సామే. అందరికీ తెలిసినదే కాబట్టి ఎవరూ ఆ మాట అనకపోవడమే సహజం అనుకోండి. అయినా రెండో రిహార్సల్‌కల్లా దర్శకుడు ఓ డైలాగు రాసి పట్టుకొస్తాడు, మనందరికీ తెలుసు.

దానికన్నా పెద్ద తలనొప్పి ఫిర్స్. వెట్టి పోయిన కాణ్ణించే ఊరు చెడిందని ఆ ముసలాయన గడిలో గొణిగాడనుకోండి, ముందు వరుసలో ఎవరో ఒకరు లేచి నిలబడతారు, నిలబడాలి కూడా. ఇంకో వైపు మనకి నమ్మినబంటు జబ్బుంది. దొర కోసం ప్రాణమిచ్చే ముసలి నౌకరు కనిపిస్తే చాలు, హాలంతా ముక్కులు చీదుతుంది. చెకోవ్ ఫిర్స్ త్యాగమూర్తి కాదు. సగం సేపు నవ్వులాటలా ఉంటాడు. తన పాలిటి సంకెళ్లని తనే తళతళా తోమి పెట్టుకునే మనిషి. అలాంటివాణ్ణి చూసి ఏడవాలో, నవ్వాలో, సిగ్గుపడాలో తెలియకపోవాలి. చెకోవ్ నెత్తీ నోరూ కొట్టుకుని ఇది కామెడీ అన్నాడు. నాటకం ఆడించిన దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ చదివి ఏడ్చి, కాదు, ఇది విషాదమే అని రచయితకే ఉత్తరం రాశాడు. అంత పెద్ద దర్శకుడికే తప్పనిది మన పరిషత్తు దర్శకుడికి తప్పుతుందా?

నన్నడిగితే ఫిర్స్ వేషం పౌరాణికాల్లో హార్మోనియం మెట్టు తప్పకుండా పద్యం లాగినవాడికి ఇవ్వకూడదు. ఎవరైనా హాస్యనటుడికి, అదీ కాస్త వయసు మళ్లి, కన్నీళ్లు పెట్టించాలన్న సరదా తీరిపోయినవాడికి ఇవ్వాలి. లోపాఖిన్ దొరుకుతాడు, మన ఊళ్లలో కొదవ లేదు. రాజ్యలక్ష్మమ్మా దొరుకుతుంది. తోట సంగతి చెప్పనే అక్కర్లేదు, నూజివీడు వైపు వెళ్తే కావలసినన్ని. మీలో ఎవరైనా ఈ సాహసానికి దిగితే ఓ కార్డు ముక్క రాయండి, తప్పకుండా వస్తాను. ఏ ఊళ్లో పెట్టారు, ఏ చెట్టు నాటారు అన్నవి తర్వాత తెలుసుకుంటాను. ఫిర్స్‌కి ఎవర్ని పెట్టారో అది ముందు రాయండి.